మన పేట బాగుపడాలంటే ఏం అడగాలి, ఎలా అడగాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

వీధి గురించో, పార్కు గురించో, డ్రైనేజీ గురించో స్థానిక సంస్థకు ఒక సూచన రాద్దామనుకునే ప్రతి ఒక్కరికీ దాదాపు ఇవే సందేహాలు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ మొదటినుంచి చెప్పే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. నియమాలు ఊరిని బట్టి, దేశాన్ని బట్టి మారతాయి గానీ ఇక్కడ రాసినవి ఎక్కడ ఉన్నవాళ్లకైనా పనికొస్తాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

నేను ఇంజనీర్‌ని కాదు, ప్లానింగ్ గురించి ఏమీ తెలీదు. నా మాట ఎవరైనా వింటారా?

మీకు బాగా తెలిసిన విషయం చెబితే వింటారు. రోడ్డు మందం ఎంత ఉండాలో మీకు తెలియకపోవచ్చు. కానీ బడి వదిలాక పిల్లలు ఏ మూల దగ్గర రోడ్డు దాటుతారో, వాన మొదలైన ఎంతసేపటికి ఎవరి గుమ్మం ముందు నీళ్లు చేరతాయో, ఎండ వల్ల ఏ బెంచీ మీద ఎవరూ కూర్చోరో మీకు తెలుసు. ప్లాన్ గీసేవాళ్లు ఆ చోటికి ఒకటి రెండుసార్లు, అదీ పగటిపూట వచ్చి ఉంటారు, అంతే. నెదర్లాండ్స్‌లో 1971 ఒక్క సంవత్సరంలోనే రోడ్డు ప్రమాదాల్లో దాదాపు 3,300 మంది చనిపోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలే. అప్పుడు వీధుల్లోకి వచ్చి "పిల్లల్ని చంపడం ఆపండి" అని అడిగింది తల్లిదండ్రులు, మామూలు జనం. 1973లో వచ్చిన చమురు సంక్షోభం కూడా తోడై అక్కడి వీధుల తీరే మారింది, ఇవాళ అందరూ మెచ్చుకునే సైకిల్ దారులకు పునాది అక్కడే పడింది. మీరు డిజైన్ ఇవ్వాల్సిన పనిలేదు, చోటు చూపించి అక్కడ ఏం జరుగుతోందో నిజంగా చెబితే చాలు.

మేం అద్దెకుంటున్నాం. మాకు అడిగే హక్కు ఉంటుందా?

ఉంటుంది. ఆ ఫుట్‌పాత్ మీద నడిచేది మీరే, ఆ చప్పుడుకి నిద్ర పట్టనిదీ మీకే. సొంతిల్లు ఉన్నవాళ్లు మాత్రమే సభ్యులుగా ఉండే సంఘం పేరుతో కాకుండా మీ పేరుతోనే నేరుగా రాయండి. నిజానికి అద్దెకుండేవాళ్లు, వీధిలో చిన్న వ్యాపారం చేసుకునేవాళ్లు, పనికి వచ్చిపోయేవాళ్లు మాట్లాడకపోతే పేట అవసరాల్లో సగం కాగితం మీదికి రానే రావు.

సమస్యలు బోలెడున్నాయి. దేనితో మొదలుపెట్టాలి?

ఒక్కదానితో. అదీ ఒక చోట వేలు పెట్టి చూపించగలిగినదై ఉండాలి. "మా ఏరియాలో ట్రాఫిక్ ఘోరం" అని రాస్తే ఏ సెక్షన్‌కి పంపాలో కూడా ఆఫీసులో ఎవరికీ అర్థం కాదు. "బడి గేటు ఎదురుగా రోడ్డు దాటే చోట గీతలు చెరిగిపోయాయి, అక్కడే బండ్లు ఆపుతున్నారు కాబట్టి వచ్చే వాహనం పిల్లలకు కనబడదు" అంటే దానికి ఒక మనిషి, ఒక పని, ఒక ఖర్చు ఉంటాయి. దేన్ని ఎంచుకోవాలో తేలకపోతే ప్రాణాపాయం ఉన్నది ముందు, రోజూ ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది తర్వాత, చూడ్డానికి బాగోనిది చివర అనుకోండి. మొదటి పని చిన్నదైతే ఇంకో లాభం, అది అయ్యాక పక్కవాళ్లకు నమ్మకం వస్తుంది.

గమనించమంటారు సరే, ఏం చూడాలి? ఏం లెక్కపెట్టాలి?

ఒక మామూలు రోజు, ఒక సెలవు రోజు, ఒక వానరోజు, ఒక రాత్రి. ఈ నాలుగు వేళల్లో అదే చోట కాసేపు నిలబడి చూడండి. బండ్లను మాత్రమే లెక్కపెట్టే అలవాటు అందరికీ ఉంది, అధికారులకూ ఉంది. మీరు మనుషుల్ని లెక్కపెట్టండి: నడిచేవాళ్లెంతమంది, సైకిళ్లెన్ని, బస్సు కోసం నిలబడ్డవాళ్లెంతమంది, వాళ్లలో పిల్లలు, ముసలివాళ్లు, చేతికర్రతోనో చక్రాల కుర్చీతోనో వచ్చేవాళ్లు ఉన్నారా. ఎవరు కనిపించడం లేదో కూడా రాసుకోండి. సందు నిండా ఇళ్లున్నా ఒక్క ముసలావిడ కూడా బయట నడవడం లేదంటే అది పెద్ద ఆధారం.

కొలవడానికి టేపు చాలు. ఫుట్‌పాత్ మీద స్తంభానికీ గోడకూ మధ్య ఎంత ఖాళీ ఉంది, గట్టు ఎంత ఎత్తుంది, బస్టాపు ఎంత దూరం. ఫోటోలు ఒకే చోటునుంచి, తేదీ, టైము కనబడేలా తీయండి. మనుషుల ముఖాలు, బండి నంబర్లు పడకుండా చూసుకోండి, మీ గొడవ ఆ చోటుతోనే గానీ వాళ్లతో కాదు.

ప్లాన్లు, బడ్జెట్ కాగితాలు మనలాంటివాళ్లకు చూపిస్తారా?

100కు పైగా దేశాల్లో సమాచార హక్కు చట్టాలున్నాయి, వాటిలో అన్నిటికంటే పాతది స్వీడన్‌ది, 1766 నాటిది. అంటే అడగడానికి దారి ఉంది. అయితే చట్టం దాకా వెళ్లకముందు ఆఫీసుకు వెళ్లి మామూలుగా అడగండి, చాలాసార్లు మాస్టర్ ప్లాన్ మ్యాపు, ఈ ఏడాది మంజూరైన పనుల జాబితా అక్కడే దొరుకుతాయి. ముఖ్యంగా చూడాల్సినవి మూడు: మీ వీధి ఎవరి కిందికి వస్తుంది (ఒకే రోడ్డులో తారు ఒక శాఖది, కాలువ ఇంకో శాఖది, స్తంభం మరో సంస్థది కావచ్చు), మీ ఖాళీ స్థలాన్ని ప్లాన్‌లో దేనికోసం చూపించారు, వచ్చే ఏడాది అక్కడ ఏవైనా పనులున్నాయా.

ఎప్పుడు చెబితే పని జరుగుతుంది?

గీతలు గీయకముందు. జనం సాధారణంగా జేసీబీ వచ్చాక మేలుకుంటారు, అప్పటికి టెండర్ అయిపోయి ఉంటుంది, మార్చాలంటే కాంట్రాక్టర్‌కి అదనంగా డబ్బు కట్టాలి. ముసాయిదా ప్లాన్ మీద అభ్యంతరాలు, సూచనలు తీసుకునే గడువు ఉంటుంది, బడ్జెట్ తయారయ్యే నెలలుంటాయి, రోడ్డుకి మళ్లీ తారు వేసే వంతు వచ్చే సమయం ఉంటుంది. ఈ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. ఎలాగూ రోడ్డు తవ్వి వేస్తున్నప్పుడు దాటే చోటు సరిచేయమన్నా, మలుపు ఇరుకు చేయమన్నా, వాలు సరిచేయమన్నా అయ్యే ఖర్చు కొంచెమే. అదే పని విడిగా చేయాలంటే ఖర్చు బాగా పెరిగిపోతుంది.

## వీధి, నడక, వాహనాలు

మా వీధిలో బండ్లు మరీ స్పీడుగా పోతున్నాయి. స్పీడ్ బ్రేకర్ అడిగితే సరిపోతుందా?

ఒక్కోసారి సరిపోతుంది, కానీ అదొక్కటే మందు అనుకోవద్దు. ముందు స్పీడు ఎందుకంత ముఖ్యమో చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు పోతుంది, 30 వేగంతో అయితే 8 మీటర్లు. డ్రైవర్ చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే ఈ తేడా వచ్చేస్తుంది. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు దాదాపు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడిచేవాళ్లు, వాహనాలు కలిసిపోయే చోట 30 మించకూడదని 2020 స్టాక్‌హోమ్ ప్రకటనలో దేశాలు ఒప్పుకున్నాయి.

అయితే 30 అని బోర్డు పెట్టినంత మాత్రాన ఎవరూ తగ్గరు. రోడ్డు వెడల్పుగా, తిన్నగా, ఖాళీగా కనబడితే కాలు యాక్సిలరేటర్ మీదికే పోతుంది. అందుకే రోడ్డు ఆకారం మార్చమని అడగాలి: మలుపుల దగ్గర మూల గుండ్రాన్ని తగ్గిస్తే బండి మెల్లగా తిరగక తప్పదు, దాటే చోటును ఫుట్‌పాత్ ఎత్తుకి లేపితే అదే స్పీడ్ బ్రేకర్ పని కూడా చేస్తుంది, దారిని అటూ ఇటూ కాస్త వంచితే నేరుగా దూసుకుపోవడం కుదరదు. ఎవరికి తోచినట్టు వాళ్లు వేసిన ఎత్తుపల్లాల దిబ్బలు మాత్రం వద్దు, వాటివల్ల అంబులెన్సులు ఆలస్యమవుతాయి, వెన్నునొప్పి ఉన్నవాళ్లు నరకం చూస్తారు, రాత్రిపూట ద్విచక్ర వాహనాలు పడిపోతాయి. గుర్తులు, రంగు, సరైన కొలతలతో ఉన్నదే అడగండి.

ట్రాఫిక్ తగ్గితే ప్రమాదాలు తగ్గడమే కాదు, ఇరుగుపొరుగు కూడా దగ్గరవుతారు. డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పక్కపక్కనే ఉన్న వీధుల్ని పోల్చి చూశాడు. రోజుకు 2,000 వాహనాలు తిరిగే వీధిలో ఒక్కొక్కరికి సగటున ముగ్గురు స్నేహితులు అదే వీధిలో ఉన్నారు, 16,000 వాహనాలు తిరిగే వీధిలో ఆ సగటు ఒకటికి కూడా చేరలేదు (0.9). ఈ లెక్క నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

రోడ్డు వెడల్పు చేస్తే ట్రాఫిక్ తగ్గదా? అందరూ అదే అడుగుతున్నారు.

కొన్నాళ్లు తగ్గినట్టు కనిపిస్తుంది. దారి ఖాళీగా ఉందని తెలిసి ఇంకో రూటులో వెళ్లేవాళ్లు, ఇంకో టైములో వెళ్లేవాళ్లు, అంతకుముందు బస్సెక్కేవాళ్లు అందరూ అక్కడికి చేరతారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేని కొన్నిచోట్ల 26 లేన్ల దాకా పెంచి 2008లో పూర్తిచేశారు, కొన్నేళ్లకే రద్దీ వేళ ప్రయాణ సమయం మళ్లీ పెరిగిపోయింది. ఇక పేటలోపలి వీధిని వెడల్పు చేస్తే పోయేవి చెట్లు, అరుగులు, ఫుట్‌పాత్‌లు, పెరిగేది స్పీడు. బస్సు సమయానికి రావాలి, బడికి నడిచి వెళ్లగలగాలి, సరుకులకోసం బండి తీయక్కర్లేకుండా ఉండాలి అని అడగడమే ట్రాఫిక్ తగ్గించమని అడగడం.

ఫుట్‌పాత్ ఉంది, కానీ అందరూ రోడ్డు మీదే నడుస్తున్నారు. ఎందుకు?

ఆ ఫుట్‌పాత్ మీద ఒక్కసారి చివరిదాకా నడిస్తే కారణం దొరుకుతుంది. ప్రతి గేటు దగ్గరా దిగి ఎక్కాలి, మధ్యలో స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, ఆపిన బండి, పలక లేచిన గుంత. జనానికి బుద్ధి లేక కాదు, రోడ్డు మీద నడవడమే సులువు కాబట్టి నడుస్తున్నారు. చక్రాల కుర్చీ ఒకటి వెళ్లాలంటే కనీసం 90 సెంటీమీటర్ల అడ్డంకిలేని దారి కావాలి, రెండు ఎదురెదురుగా దాటాలంటే 1.8 మీటర్లు. గట్టు దిగే ర్యాంపుకి 1:12 వాలు అనేది ఎక్కువగా వాడే కొలత, అంటే 15 సెంటీమీటర్ల గట్టుకి 1.8 మీటర్ల పొడవు ర్యాంపు. నిటారుగా పోసిన సిమెంటు ముద్దని ర్యాంపు అనకండి, అధికారులు అన్నా ఒప్పుకోకండి. గేటు దగ్గర ఫుట్‌పాత్ కిందికి దిగడం కాకుండా బండే ఫుట్‌పాత్ ఎత్తుకి ఎక్కి దిగేలా కట్టమని అడిగితే నడక ఒకే మట్టంలో సాగుతుంది.

సిగ్నల్ దగ్గర దాటేలోపే ఎర్రలైటు పడుతోంది. దాని గురించి ఎవరికి చెప్పాలి, ఏమని?

సిగ్నళ్లు చూసే విభాగానికి, లెక్కతో సహా చెప్పండి. డిజైన్లలో సాధారణంగా మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని వేసుకుంటారు, ఆ లెక్కన 12 మీటర్ల రోడ్డుకి 10 సెకన్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు 0.8 మీటర్లే నడవగలరనుకుంటే వాళ్లకి 15 సెకన్లు కావాలి. ఆ 5 సెకన్లు అడగండి. మధ్యలో ఆగి నిలబడే చోటు ఉంటే ఇంకా మంచిది.

పార్కింగ్ తీసేస్తే బేరాలు పోతాయని దుకాణాలవాళ్లు గోల చేస్తున్నారు. వాళ్ల మాటా నిజమే కదా?

వాళ్ల భయం నిజం, దాన్ని తీసిపారేయకూడదు. కానీ లెక్క తీసి చూడాలి. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 2006లో వచ్చిన ఒక సర్వేలో, కొనేవాళ్లలో 41 శాతం మంది కార్లలో వస్తారని దుకాణదారులు అనుకున్నారు, అడిగి చూస్తే వచ్చింది 22 శాతమే. మీ వీధిలో కూడా దుకాణాల ముందు నిలబడి వచ్చినవాళ్లని ఎలా వచ్చారని మర్యాదగా అడిగి రాసుకోండి, ఆ కాగితాన్ని ముందు దుకాణాలవాళ్లకే చూపించండి. సరుకు దించుకునే టైము, చోటు వాళ్లకి తప్పకుండా కావాలి. దాన్ని మీ సూచనలో మీరే ముందు రాస్తే సగం వ్యతిరేకత అక్కడే తగ్గుతుంది.

## నీళ్లు, నీడ, చప్పుడు, ఆటస్థలం

గంట వాన పడితే వీధి చెరువవుతోంది. పెద్ద డ్రైనేజీ వేయమని అడగాలా?

ముందు ఉన్న కాలువ తెరిచి చూడమనండి. పూడిక నిండిన చిన్న కాలువ పక్కన పెద్ద కాలువ కడితే అదీ పూడుకుపోతుంది. రెండోది, రోడ్డు మీద రోడ్డు వేసి వేసి ఇళ్ల కంటే ఎత్తయిందా చూడండి. అయితే పాత పొర గీకి తీసి ఆ మట్టంలోనే కొత్తది వేయమని స్పష్టంగా రాయాలి.

ఆ తర్వాత నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో లెక్క వేయండి, ఇది చాలా తేలిక: ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. డాబాలూ సిమెంటు వాకిళ్లూ కలిపి 1,000 చదరపు మీటర్లుంటే, 50 మిల్లీమీటర్ల వాన పడితే 50,000 లీటర్లు దాదాపు ఒకేసారి వీధిలోకి వస్తాయి. మట్టి ఉన్నప్పుడు ఇందులో చాలాభాగం అక్కడికక్కడే ఇంకేది. కాబట్టి అడగాల్సింది నీళ్లని వేగంగా తరిమే గొట్టాలే కాదు, ఆపి ఇంకించే చోట్లు కూడా: ఇంకుడు గుంతలు, రోడ్డు పక్క పల్లంగా ఉండే మొక్కల కుదుళ్లు, పార్కింగ్ చోట నీరు ఇంకే పలకలు, ఆక్రమణ లేని పాత కుంట. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్‌లో 2013లో బెంథెంప్లీన్ అనే బహిరంగ స్థలాన్ని పల్లంగా కట్టారు, ఎండ రోజుల్లో అది ఆటస్థలం, కుంభవృష్టి కురిస్తే దాదాపు 17 లక్షల లీటర్లు పట్టే తొట్టి. మీ పేటలో అంత పెద్దది అక్కర్లేదు, బడి మైదానమో పార్కులో ఒక మూలో కాస్త పల్లంగా ఉన్నా చాలు.

చెట్లు నాటమని అడిగాం, నాటారు, ఎండిపోయాయి. మళ్లీ అడగాలా?

అడగండి, ఈసారి "నాటండి" అని కాకుండా "బతికించండి" అని. మొదటి రెండు మూడేళ్లు నీళ్లెవరు పోస్తారు, చచ్చిన మొక్క స్థానంలో ఎవరు ఎప్పటిలోగా కొత్తది పెడతారు అన్నది మంజూరు కాగితంలోనే ఉండాలి. మొదలు చుట్టూ సిమెంటు పోయకుండా మట్టి వదలమనండి. నడిచే దారికి, బస్టాపుకి, బెంచీకి పడమటి ఎండ తగలకుండా ఎక్కడ నాటాలో మీరే చెప్పండి, ఆ నీడ ఎక్కడ కావాలో అక్కడ నడిచేవాళ్లకే బాగా తెలుసు. సిసిల్ కొనైనెండైక్ అనే శాస్త్రవేత్త 2021లో 3-30-300 అనే కొలత సూచించారు: ప్రతి ఇంటి నుంచీ 3 చెట్లు కనబడాలి, పేటలో 30 శాతం చెట్ల నీడ ఉండాలి, పచ్చని చోటు 300 మీటర్లలోపు ఉండాలి. మీ పేట వీటిలో ఎక్కడుందో రాస్తే వాదన బలంగా ఉంటుంది. ఉన్న పెద్ద చెట్టుని కాపాడమని అడగడం మాత్రం అన్నిటికంటే ముందు, దాని నీడ ఇవ్వడానికి కొత్త మొక్కకి దశాబ్దాలు పడుతుంది.

రాత్రి చప్పుడుకి నిద్ర పట్టడం లేదు. ఇది ప్లానింగ్ సమస్యేనా?

అవును, ఆరోగ్య సమస్య కూడా. రోడ్డు చప్పుడు రాత్రిపూట 45 డెసిబెల్స్ మించకుండా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో సిఫారసు చేసింది. డెసిబెల్స్ మామూలు అంకెల్లా పెరగవు, 3 పెరిగితే ధ్వని శక్తి రెట్టింపవుతుంది, 10 పెరిగితే చెవికి రెండింతలుగా వినబడుతుంది. ఫోన్ యాప్‌తో కొలిచింది అధికారిక లెక్క కాదు గానీ, ఏ టైములో ఎక్కువుందో చూపించడానికి చాలు. భారీ వాహనాల రూటు మార్చడం, రాత్రి స్పీడు తగ్గించడం, సరుకు దించే వేళలు నిర్ణయించడం, జనరేటర్లని గదుల కిటికీల వైపు కాకుండా పెట్టించడం, ఇవన్నీ అడగదగ్గవే.

పార్కు ఉంది, కానీ మా అమ్మాయి వెళ్లనంటోంది. ఏం మార్చమనాలి?

అమ్మాయినే అడగండి, ఆమె స్నేహితుల్నీ అడగండి. 1990ల చివర్లో వియన్నాలో ఇదే విషయం గమనించారు: 9 ఏళ్లు దాటాక పార్కుల్లో ఆడపిల్లల సంఖ్య బాగా పడిపోతోంది, మగపిల్లల సంఖ్య అంతగా తగ్గడం లేదు. పెద్ద మైదానం ఒక్కటే ఉంటే దాన్ని ఒక గుంపు ఆక్రమిస్తుంది, మిగతావాళ్లు తప్పుకుంటారు. అక్కడ దారులు పెంచారు, వాలీబాల్, బ్యాడ్మింటన్ లాంటి వేర్వేరు ఆటలకు చోటిచ్చారు, పెద్ద ఖాళీని చిన్న భాగాలు చేశారు. ఆడపిల్లలు తిరిగి వచ్చారు.

దీనికి తోడు ఒకటి కంటే ఎక్కువ గేట్లు, బయటినుంచి లోపల ఏం జరుగుతోందో కనబడే కంచె, శుభ్రంగా ఉండే టాయిలెట్, చీకటి పడ్డాక వెలుతురు. ఇవి లేని పార్కులోకి సాయంత్రం ఒంటరిగా ఎవరు వెళ్తారు? వెళ్లమని మనం మాత్రం ఎలా చెప్పగలం?

వీధి దీపాలు ఎక్కువ పెట్టమంటే చాలు కదా?

ఎక్కువ కాదు, సమంగా ఉండాలి. బాగా కాంతివంతమైన దీపం కింద నిలబడితే పక్కనున్న చీకటి ఇంకా చీకటిగా కనబడుతుంది. కాంతి కిందికి పడాలి, కళ్లలోకి, పడకగదుల్లోకి కాదు. మరీ తెల్లటి నీలపు వెలుగు నిద్రను పాడుచేస్తుందని 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 3,000 కెల్విన్ (కాంతి రంగుని చెప్పే కొలత) మించని దీపాలు వాడమంది. ఫుట్‌పాత్ మీద వెలుగు పడుతోందా, లేక చెట్టు కొమ్మ మీదే పడుతోందా అన్నది రాత్రి నడిచి చూస్తేనే తెలుస్తుంది.

## రాయడం, కలిసి అడగడం

అర్జీలో ఏం ఉండాలి? ఎంత పొడుగు రాయాలి?

ఒక పేజీ. చోటు ఏది, ఏం జరుగుతోంది, ఎవరికి ఇబ్బంది, మీరు కోరేదేంటి, అది కుదరకపోతే ఇంకో మార్గం ఏంటి, ఎప్పటిలోగా జవాబు కావాలి. వెనక ఫోటోలు, చేత్తో గీసిన మ్యాపు, లెక్కల కాగితం. కోపం రాకుండా ఉండదు, అయినా దాన్ని అర్జీలో పెట్టకండి, చదివే ఉద్యోగి చాలాసార్లు మీ సమస్యకి కారణమైన మనిషి కాదు. ఇచ్చిన కాగితానికి రసీదు, నంబరు తప్పకుండా తీసుకోండి.

నేనొక్కడినే రాస్తే చాలా, సంతకాలు సేకరించాలా?

గుంత పూడ్చడానికి ఒక్కరు చాలు. వీధి తీరు మార్చే పని అయితే నలుగురూ కావాలి, ఎందుకంటే రేపు వ్యతిరేకించేదీ ఆ వీధివాళ్లే. 500 సంతకాల కాగితం కంటే వేర్వేరు మనుషులు తమ మాటల్లో రాసిన పది ఉత్తరాలు నాకు బలంగా అనిపిస్తాయి: బడి పిల్లవాడిది ఒకటి, కూరలమ్మే ఆవిడది ఒకటి, కంటిచూపు తగ్గిన పెద్దాయన చెబితే మనవరాలు రాసింది ఒకటి.

పక్కింటివాళ్లే వద్దంటున్నారు. గొడవ పడాలా, వదిలేయాలా?

రెండూ వద్దు. మీటింగులో కాకుండా వాళ్లింటికి వెళ్లి వినండి. నలుగురి ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం ఎవరికైనా కష్టం. చాలామంది వద్దనేది మీ ఆలోచనని కాదు, తమ కారు ఎక్కడ పెట్టుకోవాలి, చెత్తబండి గుమ్మందాకా వస్తుందా, పనులు జరిగినన్నాళ్లు ఇంట్లోకి ఎలా వెళ్లాలి లాంటి చిన్న, న్యాయమైన భయాల వల్ల. వాటికి సూచనలోనే జవాబు ఇవ్వవచ్చు. అప్పటికీ ఒప్పుకోకపోతే శాశ్వతంగా కాకుండా కొన్నాళ్లు చేసి చూద్దామనండి.

కొన్నాళ్లు చేసి చూడమని అడగొచ్చా? అలా ఎక్కడైనా చేశారా?

చాలా చోట్ల చేశారు, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే మంచి మార్గం. కోపెన్‌హాగెన్‌లో స్ట్రోయెట్ వీధిని 1962లో ప్రయోగంగానే నడిచేవాళ్లకి వదిలారు, బేరాలు పోతాయని అప్పుడు గట్టి వ్యతిరేకత వచ్చింది, ఇప్పటికీ అది నడక వీధిగానే ఉంది. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 2009లో వాహనాలు ఆపి మామూలు మడత కుర్చీలు వేసి చూశారు, మరుసటి ఏడాది దాన్ని శాశ్వతం చేయాలని నిర్ణయించారు. స్టాక్‌హోమ్‌లో 2006లో నగరంలోకి వచ్చే వాహనాలకు రద్దీ రుసుము ఏడు నెలలు అమలు చేశారు, ముందు ఎక్కువమంది వ్యతిరేకించారు, ట్రాఫిక్ దాదాపు 20 శాతం తగ్గింది, ఆ సెప్టెంబర్‌లో జరిగిన ఓటింగులో నగరవాసులు స్వల్ప మెజారిటీతో దాన్ని ఉంచమన్నారు.

అడిగేటప్పుడు మూడు విషయాలు ముందే రాయించుకోండి: ఎన్నాళ్లు, ఏది కొలుస్తారు, ఫలితం ఎలా ఉంటే ఉంచుతారు ఎలా ఉంటే తీసేస్తారు. ప్రయోగానికి ముందు లెక్క తీయకపోతే తర్వాత ఎవరికి నచ్చింది వాళ్లు చెబుతారు. రంగు, మొక్కల తొట్లు, తాత్కాలిక స్తంభాలు చాలు, కాంక్రీటు తర్వాత పోయవచ్చు.

"మంచి సూచనే, కానీ ఫండ్స్ లేవు" అంటున్నారు. ఇంకేం చేయగలం?

ఈ ఏడాది జరగబోయే ఏ పనిలో దీన్ని కలపవచ్చో అడగండి. వచ్చే బడ్జెట్‌లో పెట్టడానికి ఎప్పటిలోగా, ఎవరికి ఇవ్వాలో అడగండి. అసలు డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో నివాసులే తేల్చే పద్ధతి మీ దగ్గర ఉందేమో చూడండి, లేకపోతే పెట్టమని అడగండి. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రెలో 1989లో మొదలైన ఈ పద్ధతిలో పేటలవారీ సభల్లో జనం కూర్చుని పెట్టుబడి పనుల వరుస నిర్ణయించారు, తర్వాత ఎన్నో దేశాలు దాన్ని అందుకున్నాయి. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టి ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థల చేతికిచ్చింది. ఇవి చూపిస్తే మీరు అడిగేది గొంతెమ్మ కోరిక కాదని అర్థమవుతుంది.

సభలో మాట్లాడటానికి రెండు నిమిషాలే ఇస్తామన్నారు. టెన్షన్‌గా ఉంది.

రాసుకుని చదవండి, తప్పేం లేదు. ఒక చోటు, ఒక ఫోటో, ఒక అంకె, ఒక కోరిక. మిగతాదంతా కాగితంలో ఇచ్చామని చెప్పి అందించండి. మాట్లాడాల్సింది ఆ ఇబ్బంది పడే మనిషే అయితే ఇంకా మంచిది, పక్కన మీరు కూర్చోండి.

## ఆ తర్వాత

అర్జీ ఇచ్చి నెలలు గడిచాయి, జవాబే లేదు.

రసీదు నంబరు రాసి, పాత కాగితం జతచేసి, రాతపూర్వకంగా స్థితి అడగండి. తర్వాత ఒక మెట్టు పై అధికారికి, ఎన్నికైన మీ ప్రతినిధికి ఒకే ఉత్తరం, ఒకరికి తెలిసేలా ఇంకొకరికి. అది వేరే శాఖ పని అని తేలితే "మాది కాదు" అనే మాట కూడా రాతలో తీసుకోండి, రెండు శాఖల మధ్య పడ్డ పనికి ఆ కాగితమే ఆధారం. "కుదరదు" అని వస్తే కారణం అడగండి. కారణం సబబుగా ఉంటే ఇంకో మార్గం రాయండి, లేకపోతే ఏ నియమం ప్రకారమో చెప్పమనండి.

పని మొదలుపెట్టారు, కానీ చెప్పినట్టు చేయడం లేదు. ఆపించాలా?

ముందు మంజూరైన డ్రాయింగ్ చూపించమనండి. సైట్‌లో ఉన్న మేస్త్రీతో వాదించి లాభం లేదు, పర్యవేక్షించే ఇంజనీరుకి అదే రోజు ఫోటోతో, కొలతతో తెలియజేయండి. సిమెంటు గట్టిపడకముందు ర్యాంపు వాలు సరిచేయడం గంట పని. గట్టిపడ్డాక దాన్ని సరిచేయాలంటే ఇంకో అర్జీ, ఇంకో ఏడాది.

పని పూర్తయింది. ఇక మా పాత్ర ఏమైనా ఉందా?

ఉంది. ముందు లెక్కపెట్టిన చోటే, అదే వేళల్లో మళ్లీ లెక్కపెట్టండి. బాగుపడితే ఆ కాగితం ఇంకో వీధివాళ్లకు పనికొస్తుంది, బాగుపడకపోతే దిద్దమని అడగడానికి పనికొస్తుంది. పని చేసిన ఉద్యోగికి థాంక్స్ చెబుతూ ఒక ఉత్తరం రాయండి, పైఅధికారికి కాపీ పెట్టండి. వాళ్లకి ఫిర్యాదులే తప్ప ఇలాంటివి దాదాపు రావు. నిర్వహణ ఎవరిదో అడిగి రాసుకోండి: కాలువ పూడిక ఎప్పుడు తీస్తారు, గీతలు ఎప్పుడు మళ్లీ వేస్తారు, దీపం పోతే ఎవరికి చెప్పాలి.

పేట బాగుపడితే అద్దెలు పెరిగి మమ్మల్నే పొమ్మంటారేమో?

ఈ భయం అకారణం కాదు. సియోల్‌లో 2003లో ఎత్తు రోడ్డుని కూల్చడం మొదలుపెట్టి చియోంగ్గేచియోన్ వాగుని 5.8 కిలోమీటర్ల మేర 2005కల్లా తిరిగి బయటికి తెచ్చారు, నగరానికి చల్లటి నడక దారి దొరికింది. అయితే అంతకుముందు అక్కడ బతుకుతున్న వీధి వ్యాపారుల్ని వేరే చోటికి పంపించారు, చుట్టుపక్కల స్థలాల ధరలూ పెరిగాయి. అంతమాత్రాన మురుగునీళ్ల మధ్యే ఉండిపోదామని అనలేం కదా. సూచన రాసేటప్పుడే దీన్ని కూడా రాయండి: ఇప్పుడున్న వీధి వ్యాపారులకు కొత్త డిజైన్‌లో గుర్తించిన చోటు, తక్కువ అద్దె ఇళ్లను కాపాడే నియమం, మెరుగులు ఒక్క ఖరీదైన వీధికే కాకుండా చుట్టూ ఉన్న సందులన్నిటికీ వంతులవారీగా. ఒకే వీధి మెరిసిపోతే ధర అక్కడే ఎగబాకుతుంది. సందు సందుకీ మంచి ఫుట్‌పాత్, నీడ, వెలుతురు ఉంటే వాటికోసం ఎవరూ ప్రత్యేకంగా ఎక్కువ కట్టాల్సిన అవసరం రాదు, అందుకని మీ వీధికి దొరికినదాన్నే పక్క సందుకి కూడా అడుగుతూ రెండో అర్జీ రాయండి, వీలైతే ఆ సందువాళ్ల చేతనే రాయించండి.